కైకిలా, కిలకా, గుత్తకా? ఒప్పుకునే ముందు ఒక లెక్క

పోయిన నవంబర్‌లో పరకాల దగ్గర మా రెండున్నర ఎకరాల పత్తి ఏరించడానికి మనుషుల కోసం తిరుగుతున్నాను. గుంపును తీసుకొచ్చే ఆమె ఒకటే అడిగింది: "కిలకు ఇస్తవా సారూ, కైకిలి ఇస్తవా?" కిలోకింతనా, రోజుకింతనా అని. ఇరవై ఏండ్లు డిగ్రీ పిల్లలకు కాలవేతనం, పనివారీ వేతనం అని బోర్డు మీద రెండు గడులు గీసి పాఠం చెప్పినవాణ్ని. ఆమెకు మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా మొహం చూసి ఆమే అంది: "మొదటి ఏరుడు గదా, కిలకే ఇయ్యి. మీకూ మంచిదే, మాకూ మంచిదే."

ఆ "మొదటి ఏరుడు" అన్న మాటలో ఉన్న అర్థశాస్త్రం నా నోట్సులో లేదు. అప్పటి నుంచి ఎవరైనా కైకిలి మేలా, లెక్కకు చేస్తే మేలా అని అడిగితే నాకు తోచింది చెబుతున్నాను. నేను రెండు వైపులా ఉన్నవాణ్ని. మా అమ్మ కామారెడ్డి దగ్గరి ఊళ్లో ముప్పై ఏండ్లు వెయ్యి లెక్కన బీడీలు చేసింది. ఇప్పుడు నేను కూలీలను పిలిచే రైతును. కాబట్టి ఇది పని ఇచ్చేవాళ్లకూ, చేసేవాళ్లకూ ఇద్దరికీ.

ముందు మాటలు తేల్చుకుందాం. కైకిలి అంటే పొద్దున వచ్చి పొద్దుమూకేదాకా చేస్తే ఇంత. పీస్ రేటు అంటే వెయ్యి బీడీలకింత, మీటరు గుడ్డకింత, బస్తాకింత, కిలకింత. గుత్త అంటే మొత్తం పనికి ఒకే ధర: ఎకరం నాటుకింత, స్లాబుకింత. గుత్త కూడా పీస్ రేటే. కాకపోతే ముక్క పెద్దది, మధ్యలో ఒక మేస్త్రి ఉంటాడు.

ముందు రోజుకు తిప్పి చూడండి

కార్ల్ మార్క్స్ 1867లో వేసిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పీస్ రేటుకు ఒక అధ్యాయమే ఇచ్చాడు. ఆయన రాజకీయం మీకు నచ్చినా నచ్చకపోయినా అందులోని లెక్క మాత్రం పనికొస్తుంది. పనిదినం 12 గంటలు, తయారయ్యేవి 24 ముక్కలు, కూలి 3 షిల్లింగులు అనుకుంటాడు. 3 షిల్లింగులంటే 36 పెన్నీలు, అంటే ముక్కకు ఒకటిన్నర పెన్నీ. రేపు పనితనం పెరిగి అదే 12 గంటల్లో 48 ముక్కలు వస్తే? ముక్క ధర ముప్పావు పెన్నీకి దిగుతుంది. సాయంత్రం చేతికొచ్చేవి మళ్లీ అవే 3 షిల్లింగులు.

ఆయన చెప్పేదేమంటే, పీస్ రేటు వేషం మార్చిన రోజుకూలి. మామూలు మనిషి మామూలు వేగంతో రోజుకు ఎన్ని చేస్తాడో చూసి, నడుస్తున్న కైకిలిని దానితో భాగిస్తే ముక్క ధర వస్తుంది. మనం చేయాల్సింది ఆ భాగారాన్ని తిప్పి గుణించడం. రేటు ఎంత అని కాదు, ఆ రేటుతో నా రోజుకు ఎంత పడుతుంది అని అడగాలి.

వినడానికి ఇంతే. ఎక్కువమంది తప్పేది మాత్రం ఇక్కడే, రోజు అంటే ఏది అన్న దగ్గర. మా అమ్మ లెక్క చూడండి. వెయ్యి బీడీలకు ఇంత అని కార్ఖానాలో బోర్డు ఉండేది. ఆ వెయ్యిలో చుట్టుడు ఒక్కటే పని కాదు. రాత్రి తునికాకు నానబెట్టాలి. పొద్దున కత్తెరతో కొలత రేకు పెట్టి ఆకు కోయాలి. తంబాకు పోసి చుట్టాలి, మూతి మలవాలి, దారం కట్టాలి, ఇరవై అయిదుకొక కట్ట కట్టాలి. అప్పుడు గంపలో పెట్టుకుని కార్ఖానాకు నడవాలి, అక్కడ వరుసలో కూర్చోవాలి. ఈ నానబెట్టుడు, నడుచుడు, కూర్చునుడు ఏదీ వెయ్యి లెక్కలోకి రాదు. పైగా ఇచ్చిన ఆకు పొక్కలు పడి ఉంటే వెయ్యి తేలదు. తక్కువ పడ్డ ఆకు అమ్మ సొంత పైసలతో కొనేది. చివరికి చెకింగ్‌లో కొన్ని కట్టలు చాట్ అని పక్కన పడేసేవారు. వాటికి కూలి లేదు, బీడీలు మాత్రం తిరిగి వచ్చేవి కావు. చిన్నప్పుడు నాకు అదే అర్థమయ్యేది కాదు. పనికిరాని బీడీలైతే మనకే ఇచ్చేయొచ్చు గదా?

కాబట్టి పీస్ రేటు పని ఒప్పుకునేవాళ్లు ఒక వారం పాటు మొదలుపెట్టిన గంట, ముగించిన గంట రాసుకోండి. దారి ఖర్చు, దారం, సూది, పెట్రోలు తీసేయండి. తిరస్కరించిన సరుకు తీసేయండి. మిగిలింది గంటలతో భాగించి మీ ఊళ్లో నడిచే కైకిలి పక్కన పెట్టి చూడండి. ఇంట్లో కూర్చుని చేసే పనికి ఒక మినహాయింపు ఉంది. చంటిపిల్ల, పొయ్యి మీద కూర చూసుకుంటూ చేసుకోవచ్చన్న వీలుకు కూడా ఒక ధర ఉంటుంది, అది ఎంతో మీ ఇంటికే తెలుస్తుంది. అయితే ఆ వీలును చూపించే రేటు తగ్గిస్తారని కూడా గుర్తుంచుకోండి.

కొలిచేది ఎవరు?

రోజుకు తిప్పిన తర్వాత అడగాల్సిన ప్రశ్న ఇది. నా లెక్కలో రేటు కన్నా పెద్దది. కైకిలిలో కొలత పొద్దు. అది అందరికీ కనిపిస్తుంది, దాన్ని ఎవరూ జరపలేరు. పీస్ రేటులో కొలత ఒక మనిషి చేతిలో ఉంటుంది: కాంటా పట్టినవాడు, మీటర్లు రాసుకునేవాడు, చాట్ తీసేవాడు. పీస్ రేటు గొడవలు చాలావరకు డబ్బు దగ్గర కాదు, కొలత దగ్గరే మొదలవుతాయి. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం చూడండి. ముడిసరుకు ఇవ్వడం మీద, బీడీలు తిరస్కరించడం మీద, తిరస్కరించిన వాటి కూలి మీద వచ్చే తగాదాలు తేల్చడానికి ప్రత్యేకంగా ఒక సెక్షన్ పెట్టారు. చట్టం రాసినవాళ్లకు తగువు ఎక్కడుందో తెలుసన్నమాట.

ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లకు ఇది కొత్త కాదు. 2025-26లో తెలంగాణకు ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. మట్టి పనిలో చేతికొచ్చేది మాత్రం గుంపు తవ్విన కొలతను బట్టి. రోజుకూలి అనుకుని పోయి పీస్ రేటు తీసుకుని వచ్చిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు.

నా సలహా ఇది. కొలత మీ కళ్ల ముందు జరిగి, మీ పుస్తకంలో కూడా రాసుకునే వీలుంటే పీస్ రేటుకు సరే అనండి. కొలత గోడ అవతల జరిగితే, రేటు పది రూపాయలు ఎక్కువైనా సరే, రెండుసార్లు ఆలోచించండి.

వేగం మీ చేతిలో ఉందా?

ఎంత చేస్తే అంత అన్నప్పుడు, ఎంత చేయాలన్నది చేసేవాడి చేతిలో ఉండాలి. ఉండదు చాలాసార్లు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద మీటరు లెక్కన నేసే కార్మికుడికి కరెంటు పోతే, నూలు పదేపదే తెగితే, బీము (పడుగు నూలు చుట్టిన రోలు) అయిపోయి కొత్తది రాకపోతే సాంచా ఆగుతుంది, దానితో కూలీ ఆగుతుంది. ఆర్డర్ ఆగినా అంతే. అక్కడ సేటుకూ కార్మికుడికీ మధ్య ఆసామి ఒకడుంటాడు. సొంత సాంచాలు పెట్టుకుని సేటు నూలుకు కూలికి నేయించేవాడు. తనకూ మీటరుకే పైసలు వస్తాయి కాబట్టి ఆగిన రోజు నష్టం ఆయన కిందికి తోస్తాడు. కిందివాడికి తోయడానికి ఎవరూ లేరు. హన్మకొండలో ఆర్డరుకు ఇంత అని బండి నడిపే డెలివరీ పిల్లల సంగతీ అంతే. హోటల్ ముందు నిలబడ్డ ఇరవై నిమిషాలు ఎవరి ఖాతా?

ఈ చిక్కుకు సింగరేణిలో పాత మందు ఒకటి ఉంది. బొగ్గు నింపే ఫిల్లర్లు టబ్బుల లెక్కన పనిచేసే పీస్ రేటెడ్ కార్మికులు. పని చేయడానికి మనిషి సిద్ధంగా ఉండి, టబ్బులు దొరకకనో, తన తప్పు కాని ఇంకేదో కారణంతోనో లెక్క తగ్గితే, ఫాల్ బ్యాక్ వేజ్ అని ఒక కనీస మొత్తం ఇవ్వాలని బొగ్గు వేతన ఒప్పందాల్లో రాసుకున్నారు. గోదావరిఖని, మందమర్రి వైపు పాతవాళ్లను అడిగితే ఆ మాట ఇంగ్లీషులోనే చెబుతారు. యూనియన్ సాధించిన మాట కాబట్టి తెలుగు చేయాల్సిన అవసరం రాలేదేమో.

అమెరికాలో కార్ల అద్దాలు బిగించే ఒక కంపెనీ 1990ల్లో గంట కూలి నుంచి అద్దానికింత అనే పద్ధతికి మారింది. మనిషి సగటున చేసే పని 44 శాతం పెరిగిందని ఎడ్వర్డ్ లేజియర్ అనే ఆర్థికవేత్త 2000లో లెక్క చూపాడు. పీస్ రేటును మెచ్చుకునేవాళ్లంతా ఆ 44ను చెబుతారు. పక్కనున్న సంగతులు చెప్పరు. ఆ పెరుగుదలలో సుమారు సగమే ఉన్న మనుషులు ఎక్కువ చేయడం వల్ల వచ్చింది. మిగతాదాంట్లో చాలావరకు చురుకైనవాళ్లు కొత్తగా చేరి నిలవడం వల్ల. ఆ కంపెనీ కనీస గంట కూలి హామీని కూడా అలాగే ఉంచింది. సరిగ్గా బిగించక అద్దం పగిలితే బిగించినవాడే తన టైంలో మళ్లీ బిగించాలి. అంటే అడుగున హామీ, నాణ్యతకు తాళం, ఈ రెండింటి మధ్య పీస్ రేటు. మన దగ్గర చాలాచోట్ల మధ్యది మాత్రమే తెచ్చుకుంటారు.

పని ఇచ్చేవాళ్లకు

మీకు వేరే లెక్క. తొందర ఎక్కడ నష్టం చేస్తుందో చూసుకోండి.

వరినాటు తీసుకోండి. ఎకరానికి గుత్త ఇస్తే పొద్దుగూకక ముందే మడి పచ్చబడుతుంది. నాటు సమయం దాటిపోతోందన్న టెన్షన్ ఉన్న రైతుకు అది నిజంగా మేలు. కానీ గుత్త గుంపుకు ఎడం ఎంత పెరిగితే పని అంత త్వరగా అయిపోతుంది. 20 సెంటీమీటర్లకు 15 సెంటీమీటర్ల ఎడంతో వేస్తే చదరపు మీటరుకు 33 కుదుళ్లు పడాలి. యాసంగిలో 15కు 15 అయితే 44. ఒక మీటరు కర్ర నాలుగు దిక్కులా పెట్టి లెక్కబెట్టడానికి అయిదు నిమిషాలు పట్టదు. ఆ లెక్కను ముందే ఒప్పందంలో చెప్పి, మొదటి మడిలో చూసి, తర్వాత గుత్తకు ఇవ్వండి. కుదుళ్లు లెక్కబెట్టే ఓపిక లేకపోతే కైకిలికే పిలవండి. గుత్తకిచ్చి గట్టు మీద నిలబడి కేకలు వేయడం రెండింటికీ చెడ్డ రేవడి.

ఇల్లు కట్టేవాళ్లకు నేను చెప్పేది సూటిగా ఒక్కటే. కనిపించే పని గుత్తకు, కనిపించకుండా పోయే పని కైకిలికి. మట్టి తవ్వుడు, ఇటుకలు మోసుడు, రాయి దింపుడు కొలవొచ్చు, లోపల దాగేదేమీ లేదు. పునాదిలో కాంక్రీటు, బాత్రూం వాటర్‌ప్రూఫింగ్, ప్లాస్టరు మీద నీళ్లు కొట్టుడు లాంటివి పని అయిపోయాక ఎలా చేశారో తెలియదు. తెలిసేది రెండేళ్లకు, గోడ చెమ్మ పట్టినప్పుడు.

ఇక పత్తి. మాట కోసం కిలకు 12 రూపాయలు, కైకిలి 400 అనుకుందాం. మొదటి ఏరుడులో కాయలు విచ్చుకుని చేను తెల్లగా ఉంటుంది. మంచి చేయి 50 కిలోలు ఏరితే 600. మూడో ఏరుడులో చెట్టుకు అక్కడక్కడ ఒక కాయ. నడకే ఎక్కువ, 20 కిలోలు దాటదు, 240 వస్తాయి. అందుకే మొదట్లో వాళ్లు కిలకు అడుగుతారు, చివర్లో కైకిలికి. ఇది మోసం కాదు, మార్క్స్ భాగారమే. రైతు మొదట్లో కైకిలికి, చివర్లో కిలకు ఇవ్వాలని చూస్తాడు, అదీ అదే లెక్క. ఇద్దరికీ కుదిరే దారి, ప్రతి ఏరుడుకు కిల రేటు మార్చడం.

కిలకు ఇచ్చేటప్పుడు రైతు చూడాల్సింది ఇంకొకటి ఉంది: మంచు. తెల్లవారుజామున తడి మీద ఏరిన పత్తి బరువు తూగుతుంది, కూలీకి లాభం. అదే పత్తి సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) కేంద్రానికి పోతే మీకు నష్టం. పూర్తి మద్దతు ధర తేమ 8 శాతం ఉన్నదానికే, అక్కడి నుంచి 12 దాకా కోత పెడతారు, 12 దాటితే తీసుకోరు. కాబట్టి కిలకు ఇస్తే ఎండ పడ్డాకే చేన్లోకి దిగాలని ముందే చెప్పండి. ఆకు, పెంకు కలిపి పెరికిన పత్తి సంగతీ అప్పుడే మాట్లాడుకోండి, కాంటా దగ్గర కాదు.

ఒళ్లు లెక్క

ఆడమ్ స్మిత్ 1776లో రాసిన పుస్తకంలో కూలి గురించిన అధ్యాయం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. మార్కెట్‌ను పొగిడినవాడని మనకు నేర్పిన మనిషి పీస్ రేటు మీద హెచ్చరిక చేశాడు. ముక్కకు ఇంత అని ధారాళంగా ఇస్తే పనివాళ్లు శక్తికి మించి చేసి కొన్నేళ్లలోనే ఒళ్లు పాడుచేసుకుంటారట. లండన్‌లో వడ్రంగి ఎనిమిదేండ్లకు మించి పూర్తి సత్తువతో ఉండడని అప్పటి మాటగా రాశాడు. సైనికులకు ముక్క లెక్కన పని ఇప్పించినప్పుడు, రోజుకు ఇంతకు మించి సంపాదించకూడదని అధికారులే హద్దు పెట్టాల్సి వచ్చిందని కూడా చెప్పాడు. ఒక్కో వృత్తికి ఒక్కో రోగం ఉంటుందని ఇటలీ వైద్యుడు రామజ్జినీ అంతకుముందే పుస్తకం రాశాడని గుర్తు చేశాడు.

నాలుగు రోజులు కష్టపడి మూడు రోజులు తాగి పడుకుంటారని మన దగ్గర ఆసాములు, మేస్త్రీలు అనే మాట అప్పటి యజమానులూ అనేవారు. స్మిత్ జవాబు: ఆ నాలుగు రోజుల అతి కష్టమే తర్వాతి మూడు రోజుల పడకకు కారణం. ఏడాది మొత్తం మీద ఎక్కువ పని చేసేది రోజూ మితంగా చేసేవాడే. ఇంగ్లీషు ఆర్థికవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ మాత్రం పీస్ రేటును రద్దు చేయాలనే సంఘాలను తప్పుబట్టాడు. చేయి తిరిగినవాడికి దక్కాల్సింది దక్కకుండా పోతుందని ఆయన బాధ. ఇద్దరి మాటలోనూ నిజముంది. నన్నడిగితే నేను స్మిత్ వైపు. అమ్మ చేతివేళ్లు చూసినవాణ్ని కాబట్టి కావచ్చు.

ఎంపికలో దీన్ని ఎలా వాడాలి? పని నెలరోజులదైతే, వయసు ఇరవై అయిదైతే, పీస్ రేటు తీసుకోండి, దంచండి. ఏళ్ల తరబడి చేయాల్సిన పనైతే రోజుకు ఇంతే అని మీకు మీరే ఒక హద్దు గీసుకోండి. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీలను చూడండి. బస్తాకు ఇంత అని వచ్చిందంతా గుంపులో కలిపి పంచుకునే పద్ధతిలో యాభై దాటినవాడు కూడా నిలబడగలడు. ఒక్కొక్కరికి విడివిడిగా లెక్క కడితే వాడు మూడో రోజుకే ఇంటికి పోవాలి. గుంపు చిన్నదై, ఒకరినొకరు ఎరిగినవాళ్లైతే కలిపి పంచుకోవడం మేలు. ముప్పై మంది ముక్కూమొహం తెలియనివాళ్లతో మాత్రం వద్దు. అందులో పనిచేసేవాడే మునుగుతాడు.

అడ్వాన్సు ఉంటే మాత్రం

ఇటుక బట్టీల్లో వెయ్యి ఇటుకలకు ఇంత అని కుటుంబాలు వస్తాయి, ఒడిశా నుంచి కరీంనగర్, పెద్దపల్లి వైపు. వచ్చే ముందే అడ్వాన్సు తీసుకుంటారు. అక్కడ కైకిలా, పీసా అన్న ప్రశ్నకే అర్థం లేదు. పని వదిలి పోలేనివాడికి రేటు అంటూ ఏదీ ఉండదు. వెయ్యి తేలడానికి పిల్లలనూ మట్టిలోకి దించుతారు, ఆ చిన్న చేతుల కూలి తండ్రి లెక్కలో కలిసిపోతుంది. అప్పుకు కట్టేసి పని చేయించడం 1976 నాటి చట్టం ప్రకారం నేరం. గుత్త ఏదైనా సరే, అడ్వాన్సు ఎక్కువైతే రేటు బేరం చేసే నోరు పోతుంది. అవసరానికి మించి తీసుకోకండి.

చట్టం వైపు చిన్న మాట. పీస్ రేటు అయితే కనీస వేతనం వర్తించదని కొందరు చెబుతారు. తప్పు. పీస్ రేటుకూ కనీస వేతనం ఉండాలని 1948 కనీస వేతనాల చట్టంలోనే ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. ఆ పనికి కనీస పీస్ రేటు విడిగా నిర్ణయించకపోతే, రోజు లేదా గంట లెక్కన ఉన్న కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాల్సిందే. బీడీలు చేసేవాళ్లు ఇంకొకటి చూడాలి. పీఎఫ్ ఖాతా ఉందా? ప్రభుత్వం ఇచ్చే 2,016 రూపాయల బీడీ కార్మికుల జీవన భృతికి అదే ఆధారం. పీఎఫ్ కట్టే కార్ఖానాలో వెయ్యికి నాలుగు రూపాయలు తక్కువ వచ్చినా, కట్టని టేకేదారు (మధ్య కాంట్రాక్టరు) ఇచ్చే ఎక్కువ రేటు కన్నా అదే నయం. అమ్మ ఈ లెక్క చాలా ఆలస్యంగా తెలుసుకుంది. పక్కింటామెకు పీఎఫ్ కార్డు ఉంది, అమ్మకు లేదు. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని చేసినవాళ్లే.

మా పత్తి సంగతి. మొదటి రెండు ఏరుళ్లు కిలకు ఇచ్చాను, ఎనిమిదింటికి ముందు చేన్లోకి దిగొద్దన్న షరతుతో. మూడోదానికి ఆమే ఫోన్ చేసింది, "ఈసారి కైకిలికే వస్తం" అని. సరే అన్నాను. ఆటో కిరాయి ఎవరిదని ఇద్దరం మాట్లాడుకోలేదు. సాయంత్రం చేను గట్టు మీద అరగంట సేపు తెగనిది అదొక్కటే.